క్రియాటినిన్ నార్మలే అన్నారు, మరి ఈ నురగేంటి?

పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా షుగర్, కిడ్నీల గురించే ఉన్నాయి. ఆదోని, కళ్యాణదుర్గం, ప్రొద్దుటూరు, గుంతకల్లు... ఊర్లు వేరైనా భయం ఒకటే. అందుకని మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈసారి మొత్తం దీని గురించే రాస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు తీసేశాం, ఉత్తరాలు కొంచెం కుదించాం.

ప్రశ్న: మా ఆయనకు 52 ఏళ్లు, షుగర్ వచ్చి 11 ఏళ్లు. ఏటా క్రియాటినిన్ చేయిస్తాం. ఈసారి 1.1 వచ్చింది, ల్యాబ్‌లో నార్మల్ అన్నారు. కానీ ఆర్నెల్లుగా పొద్దున మూత్రం సబ్బు నురగలాగా వస్తోంది, నీళ్లు పోసినా త్వరగా పోదు. మొన్న కంటి క్యాంపులో చూసినాయన కంటి వెనక రక్తపు చుక్కలున్నాయి, కిడ్నీలు కూడా చూపించుకోండి అన్నారు. కంటికీ కిడ్నీకీ ఏం సంబంధమని ఈయన వాదన. – ఒక సోదరి, ఆదోని

జవాబు: అమ్మా, ఆ కంటి డాక్టరు మీకు చాలా మంచి మాట చెప్పారు, దాన్ని వదిలేయొద్దు. ఒంట్లో రక్తనాళాలను ఏ కోతా లేకుండా మేం నేరుగా చూడగలిగే చోటు కంటి వెనక పొర. షుగర్ ఎక్కువున్న రక్తం ఏళ్ల తరబడి పారితే అక్కడి సన్న నాళాల లోపలి పూత దెబ్బతింటుంది, ఒకచోట కారతాయి, ఇంకోచోట మూసుకుపోతాయి. మీ ఆయన కంట్లో కనిపించిన చుక్కలు అవే. సరిగ్గా అలాంటి సన్న నాళాలే కిడ్నీ నిండా ఉన్నాయి. ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి, ఒక్కో నెఫ్రాన్ మొదట్లో సన్న నాళాల ఉండ ఒకటి ఉంటుంది, అదే జల్లెడ. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, అందులో లీటరున్నరో రెండు లీటర్లో మాత్రమే మూత్రంగా బయటికి పంపి, మిగతాదంతా రక్తంలోకి వెనక్కి తీసుకుంటాయి. అంత పనిచేసే జల్లెడ కంటిలాగే పాడవుతుంటే మనకు నొప్పి తెలియదు, చూపు మసకబారినట్టు కూడా ఏమీ తెలియదు, అదే ఇందులో ఉన్న పెద్ద ప్రమాదం.

ఇప్పుడు నురగ సంగతి. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. జల్లెడ బాగుంటే అది మూత్రంలోకి దాదాపు రాదు. కంతలు పెద్దవైతే జారిపోతుంది, అప్పుడు నురగ కట్టొచ్చు. నురగ వచ్చిన ప్రతివాళ్లకీ ఇదే జబ్బు అని కాదు, మూత్రం వేగంగా పడినా నురగ వస్తుంది. తేల్చేది పరీక్ష. దాని పేరు యూరిన్ ఏసీఆర్, అంటే మూత్రంలో ఆల్బుమిన్‌నీ క్రియాటినిన్‌నీ పోల్చి చూసేది. పొద్దున మొదటిసారి వచ్చే మూత్రం ఇస్తే మంచిది. 30 లోపు ఉంటే సరే. 30 నుంచి 300 మధ్య ఉంటే జల్లెడ కారడం మొదలైంది. 300 దాటితే బాగా కారుతోంది. జ్వరమొచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ముందురోజు ఒళ్లు హూనమయ్యేలా కష్టపడినా ఆ అంకె పెరుగుతుంది, అందుకే ఒకసారి ఎక్కువొస్తే టెన్షన్ పడకుండా మూడు నుంచి ఆరు నెలల్లోపు మళ్లీ చేయించాలి. మూడింటిలో రెండుసార్లు ఎక్కువొస్తే అప్పుడు జబ్బు అంటాం.

మరి క్రియాటినిన్ నార్మల్ ఉంది కదా అంటారేమో. క్రియాటినిన్ మన కండల్లో తయారయ్యే వ్యర్థం. కొన్ని నెఫ్రాన్లు చచ్చిపోతే మిగతావి వాటి పని కూడా నెత్తినేసుకుని చేస్తాయి, అందువల్ల కిడ్నీ శక్తి సగం తగ్గేదాకా కూడా ఆ అంకె నార్మల్ గీత దాటకపోవచ్చు. పైగా ఒకే అంకె అందరికీ ఒకటి కాదు. మీ ఆయనకు 1.1 అంటే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే అంకె, 80 దాకా వస్తుంది. అదే 1.1 ఒక 70 ఏళ్ల అవ్వకు వస్తే ఈజీఎఫ్ఆర్ 54 దగ్గర ఉంటుంది, అంటే ఆమెకు అది నార్మల్ కాదు, మూడు నెలల పాటు 60 కంటే తక్కువుంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం. క్రియాటినిన్, వయసు, ఆడో మగో అన్నదీ కలిపి లెక్కేస్తే వచ్చేదే ఈజీఎఫ్ఆర్. ల్యాబ్ వాళ్లు రాయకపోతే మీరే అడిగి రాయించుకోండి.

టైప్ 2 షుగర్ అని తెలిసిన రోజే మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయాలి, ఆ తర్వాత ఏటా చేయాలి. ఎందుకంటే షుగర్ బయటపడే నాటికే అది ఒంట్లో చేరి ఎన్నేళ్లయిందో ఎవరూ చెప్పలేరు. 11 ఏళ్లలో మీకెవరూ ఈ పరీక్ష రాయలేదంటే నాకు నిజంగా బాధగా ఉంది, మీరు ప్రతి ఏడూ ల్యాబ్‌కు వెళ్లారు, డబ్బు కట్టారు, చేయించాల్సిన సగం పరీక్ష మాత్రం మిగిలిపోయింది. ఇప్పటికీ ఆలస్యం కాలేదు. 30 నుంచి 300 మధ్య దశలో పట్టుకుంటే చాలామందిలో ఆ కారడం తగ్గుతుంది, కొందరిలో ఆగిపోతుంది కూడా. హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 7 దగ్గర, బీపీ 130/80 కంటే తక్కువ ఉండేలా చూసుకోవాలి. బ్రిటన్‌లో 1977లో మొదలుపెట్టి 1998లో ఫలితాలు చెప్పిన పెద్ద అధ్యయనంలో షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టినవాళ్లకు సన్న నాళాల దెబ్బలు పాతిక శాతం తగ్గాయి. ఆయనకు ఈ పేజీ చదివి వినిపించండి.

ప్రశ్న: నేను రైతును, 60 ఏళ్లు. షుగర్ బిళ్ల మెట్‌ఫార్మిన్ వేసుకునేవాడిని. మూత్రంలో ప్రోటీన్ పోతోందని డాక్టరు టెల్మిసార్టాన్ రాశారు. నాకు బీపీ అంత లేదు. ఈ బిళ్లలన్నీ కిడ్నీలు పాడుచేస్తాయని ఊర్లో అందరూ అంటే రెండూ మానేశాను. మోకాళ్ల నొప్పికి మాత్రం చెనిక్కాయ పీకే రోజుల్లో దినమూ ఒక నొప్పి బిళ్ల వేసుకుంటా, ఎక్కువైతే మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటా. – ఒక రైతు, కళ్యాణదుర్గం దగ్గర

జవాబు: అన్నా, మానాల్సింది వేసుకుంటున్నావు, వేసుకోవాల్సింది మానేశావు. కోపంగా చెప్పడం లేదు, ఇది నువ్వొక్కడివే చేస్తున్నది కాదు, నా దగ్గరికి వచ్చే పదిమందిలో ముగ్గురు నలుగురు ఇదే చేస్తారు.

మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు. అది ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారా, అందుకే కిడ్నీ బాగా బలహీనపడ్డాక, ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే డోసు తగ్గిస్తాం, 30 కంటే తగ్గితే ఆపేస్తాం. చూసేవాళ్లకు ఎలా కనిపిస్తుందంటే, ఫలానా ఆయనకు కిడ్నీ పోయింది, డాక్టరు వెంటనే మెట్‌ఫార్మిన్ ఆపేశాడు, కాబట్టి ఆ బిళ్ల వల్లే పోయింది అని. పుకారు అక్కడ పుట్టింది.

టెల్మిసార్టాన్ నీకు బీపీ కోసమే రాయలేదు. కిడ్నీ జల్లెడలోకి రక్తం వచ్చే నాళం ఒకటి, బయటికి పోయే నాళం ఒకటి ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్లలో ఈ జల్లెడ లోపల ఒత్తిడి పెరుగుతుంది, చేతికి కట్టే బీపీ మిషన్‌కు అది కనిపించదు. ఈ మందు బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది, లోపలి ఒత్తిడి తగ్గి ప్రోటీన్ కారడం తగ్గుతుంది. ఇది ఇప్పుడిప్పుడే తెలిసిన సంగతేమీ కాదు, 1993లో ఇలాంటి పనే చేసే కాప్టోప్రిల్‌తోనూ, 2001లో దీని జాతివే అయిన లోసార్టాన్, ఇర్బెసార్టాన్‌లతోనూ రుజువైంది. మొదలుపెట్టాక ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించాలి. క్రియాటినిన్ కొంచెం పెరగొచ్చు, ముందున్న దాని మీద 30 శాతం దాకా పెరిగినా సాధారణంగా మందు ఆపం. అది చూసి భయపడి మానేస్తేనే నష్టం.

నొప్పి బిళ్లల మాటకొస్తే, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి జల్లెడలోకి వచ్చే నాళాన్ని బిగించేస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగక, దాని మీద ఈ బిళ్ల పడితే కిడ్నీకి రక్తం అందదు. షుగర్, ప్రోటీన్ పోవడం రెండూ ఉన్న నీకు అవి దినమూ వేసుకునేవి కావు. సూది వేస్తే కిడ్నీకి చేటు లేదనుకోవద్దు, ఆ సూదుల్లో చాలావరకు ఇదే మందు. నొప్పికి పారాసిటమాల్ డాక్టరు చెప్పిన డోసులో వేసుకో, మోకాలి చుట్టూ కండలు గట్టిపడే వ్యాయామం ఫిజియోథెరపీ వాళ్ల దగ్గర నేర్చుకో. ఈ వారంలోనే ఆ డాక్టరు దగ్గరికి పోయి, మానేసిన సంగతి దాచకుండా చెప్పు, నొప్పి బిళ్లల సంగతి కూడా.

ప్రశ్న: మా అమ్మకు 66. ఇరవై ఏళ్ల షుగర్, ఇన్సులిన్ మీద ఉండేది. ఈ నాలుగు నెలల్లో షుగర్ దానంతటదే తగ్గుతూ వచ్చింది, ఇన్సులిన్ పూర్తిగా ఆపేశాం, అయినా 110, 120 వస్తోంది. మా బంధువులు తెచ్చిచ్చిన ఆకుల పొడి వల్లే తగ్గిందని అందరూ సంతోషంగా ఉన్నారు. కాకపోతే ఆకలి లేదంటోంది, కాళ్లు వాస్తున్నాయి, పొద్దున మొహం ఉబ్బుతోంది. – ప్రొద్దుటూరు నుంచి ఒక కొడుకు

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరం చదివిన వెంటనే అమ్మను ఆసుపత్రికి తీసుకుపో. పత్రిక నీ చేతికి వచ్చేలోపు రోజులు గడిచిపోతాయని ఆఫీసువాళ్లతో నీకు ఫోన్ కూడా చేయించాను, అయినా ఇక్కడ రాస్తున్నానంటే ఇలాంటి ఇల్లు ఇంకోటి ఉంటుందని.

ఇరవై ఏళ్ల షుగర్ ఏ కారణం లేకుండా తగ్గదు. ఒంట్లోని ఇన్సులిన్‌ను విరిచి బయటికి పంపే పనిలో కిడ్నీలకు పెద్ద వాటా ఉంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నప్పుడు ఇన్సులిన్ త్వరగా విరిగిపోదు, ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. ఆకలి తగ్గడం వల్ల తిండీ తగ్గుతుంది. రెండూ కలిసి షుగర్ అంకె దిగుతుంది. ఇంట్లో అందరూ షుగర్ నయమైందని పండగ చేసుకుంటుంటే లోపల కిడ్నీ ఆగిపోతూ ఉంటుంది. వాపు, మొహం ఉబ్బడం, ఆకలి చచ్చిపోవడం, ఈ మూడూ కలిసి చెప్తున్నది అదే. ఇన్సులిన్ డోసు తగ్గించకుండా అలాగే వేస్తూ పోయినవాళ్లు రాత్రిపూట షుగర్ పడిపోయి స్పృహ తప్పడం కూడా నేను చూశాను.

హెచ్‌బీఏ1సీ బాగుంది కదా అని ధైర్యపడొద్దు. కిడ్నీ జబ్బుతో రక్తహీనత వస్తే, దానికి సూదులు వేస్తుంటే, ఆ అంకె నిజం చెప్పకపోవచ్చు. ఆకుల పొడి ఆపేయండి. అందులో ఏముందో ఇచ్చినవాళ్లకే తెలియదు, కొన్ని పొడుల్లో, భస్మాల్లో సీసం, పాదరసం లాంటివి బయటపడ్డాయి, అవి కిడ్నీకి విషం. పొడి ప్యాకెట్టు మాత్రం పారేయకుండా డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: 58 ఏళ్లు, షుగర్ 9 ఏళ్లుగా. కొండారెడ్డి బురుజు దాకా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, నిలబడితే రెండు నిమిషాల్లో పోతుంది, మళ్లీ నడిస్తే మళ్లీ అంతే. నరాల బలహీనత అని బి కాంప్లెక్స్ వాడుతున్నా. బీడీ అలవాటుంది. – కర్నూలు పాతబస్తీ

జవాబు: నడిస్తే వచ్చి నిలబడితే పోయే పిక్క నొప్పి అంటే ముందు కాలికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం పూడుకుపోతోందేమో చూడాలి. పైన చెప్పినవన్నీ సన్న నాళాల కథ, ఇది పెద్ద నాళాలది, కానీ మనిషి ఒక్కడే, షుగరూ ఒక్కటే. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, దాని పైన బీడీ కలిస్తే నాళం గోడల్లో కొవ్వు పేరుకుంటుంది.

చేతిలోనూ చీలమండ దగ్గరా బీపీ చూసి పోల్చే పరీక్ష ఉంది, ఏబీఐ అంటారు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె అది. 0.9 లేదా అంతకంటే తక్కువొస్తే పూడిక ఉన్నట్టే. షుగర్ వాళ్లతో ఇంకో చిక్కుంది: నాళం గోడలో సున్నం పేరుకుని గట్టి గొట్టంలా మారితే పట్టీ బిగించినా నాళం నొక్కుకోదు, అంకె 1.4 పైన వస్తుంది, బాగుందని పంపించేస్తారు. అలాంటప్పుడు కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి చూడాలి, లేదా డాప్లర్, అంటే నాళంలో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్, చేయాలి. కిడ్నీ జబ్బు కూడా ఉంటే ఈ సున్నం ఇంకా ఎక్కువ, కాబట్టి మీకు కూడా ఏసీఆర్, ఈజీఎఫ్ఆర్ చేయించాల్సిందే.

బీడీ ఈరోజే ఆపండి, తగ్గించడం కాదు. బీడీ మానకుండా నేనిచ్చే ఏ మందూ మీ కాలికి సరిగా పనిచేయదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ల, రక్తం గడ్డకట్టకుండా వేసే బిళ్ల మీకు కావాలో లేదో డాక్టరు చూసి రాస్తారు. కాలికి పుండు లేకపోతే నడక మానొద్దు, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవండి, అలా అరగంట నుంచి ముప్పావుగంట, వారానికి కనీసం మూడుసార్లు, మూడు నెలలు. నడవగలిగే దూరం పెరుగుతుంది. గుండె పరీక్ష కూడా చేయించుకోండి. షుగర్‌తో కిడ్నీ చెడినవాళ్లలో డయాలసిస్ దాకా రాకముందే గుండెజబ్బుతో పోయేవాళ్లే ఎక్కువ, వాళ్లలో కొందరికి ఛాతీ నొప్పి కూడా రాదు.

ఇంకో మాట. మే నెలలో మన కర్నూలు ఎండకు మసీదు ముందు రాళ్లు, గుడి ప్రాంగణం పెనంలా కాలతాయి. స్పర్శ తగ్గిన కాలికి బొబ్బలెక్కినా తెలియదు, రక్తం అందని కాలికి ఆ బొబ్బ మానదు. మేజోళ్లు వేసుకుని వెళ్లండి, దేవుడేమీ అనుకోడు. రోజూ రాత్రి అరికాలు చూసుకోండి, కనిపించకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి.

ప్రశ్న: రోజుకు ఐదు లీటర్లు నీళ్లు తాగితే కిడ్నీలు శుభ్రపడతాయా? సంకటి, పప్పు మానేయాలా? – జమ్మలమడుగు

జవాబు: నీళ్లు పోసి కడిగితే బాగయ్యే జబ్బు కాదిది. దాహానికి తగ్గట్టు, ఎండాకాలం ఇంకొంచెం ఎక్కువ తాగండి, చాలు. కాళ్లు వాచినవాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు నీళ్లకు కూడా డాక్టరు లెక్క చెప్తారు, దాన్ని దాటొద్దు.

సంకటి మానక్కర్లేదు, ముద్ద చిన్నది చేసుకోండి, రాగులైనా షుగర్ పెంచుతాయి. పప్పు కూడా మానొద్దు. డయాలసిస్ లేని కిడ్నీ జబ్బులో కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాముల ప్రోటీన్ దాకా తినొచ్చు, భయపడి ఉత్త అన్నం, చారుతో బతికేవాళ్లు కండ కరిగి నీరసించిపోతారు. తగ్గించాల్సింది ఉప్పు. రోజుకు 5 గ్రాములు దాటొద్దు, అంటే ఒక చిన్న టీ చెంచాడు, వంటలో వేసేదీ ఊరగాయలో ఉండేదీ అన్నీ కలిపి. మన సీమ భోజనంలో ఊరమిరపకాయ, ఆవకాయ, అప్పడం, ఉగ్గానిలోకి బజ్జీ, ఇవన్నీ కలిస్తే మధ్యాహ్నానికే ఆ లెక్క అయిపోతుంది. మీ రిపోర్టులో పొటాషియం ఎక్కువుంటే చీనీకాయ రసం, కొబ్బరినీళ్లు, అరటిపండు తగ్గించాలి, లేకపోతే వాటితో కిడ్నీకి గొడవ లేదు, షుగర్ లెక్క చూసుకుని తినండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది, డాక్టరును అడక్కుండా కొనొద్దు.

ప్రశ్న: నాకు 41, స్కూల్లో టీచర్‌ని. ఏసీఆర్ 180. డాపాగ్లిఫ్లోజిన్ రాశారు. షుగర్‌ను మూత్రంలోకి పంపే మందు అంటున్నారు, అప్పుడు కిడ్నీ ఇంకా పాడవదా? – గుంతకల్లు

జవాబు: పాడవదమ్మా, కాపాడుతుంది. వినడానికి వింతగా ఉంటుంది కానీ, షుగర్‌నీ ఉప్పునీ కొంత మూత్రంలోకి వదలడం వల్ల జల్లెడలోకి వచ్చే నాళం కాస్త బిగుసుకుని లోపలి ఒత్తిడి తగ్గుతుంది. టెల్మిసార్టాన్ రక్తం బయటికి పోయే నాళం వైపు నుంచి, ఇది లోపలికి వచ్చే నాళం వైపు నుంచి ఆ ఒత్తిడి తగ్గిస్తాయి. ఇదే జాతి మందు కానాగ్లిఫ్లోజిన్‌తో 2019లో, డాపాగ్లిఫ్లోజిన్‌తో 2020లో వచ్చిన పెద్ద అధ్యయనాల్లో కిడ్నీ క్షీణించడం నెమ్మదించింది. 2020 చివర్లో మన దేశంలో దీని పేటెంట్ గడువు ముగిశాక చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది, మామూలు జీతగాళ్లకు అందేలా ఉంది. నాకు ఈ మందు విషయంలో అన్నిటికంటే సంతోషం ఇదే.

జాగ్రత్తలు చెప్తాను. మూత్రంలో షుగర్ ఉండడం వల్ల జననాంగాల దగ్గర ఫంగస్ దురద రావచ్చు, నీళ్లతో శుభ్రం చేసుకోండి, వస్తే సిగ్గుపడకుండా చెప్పండి, చిన్న మందుతో పోతుంది. వాంతులు, విరేచనాలు అయ్యి ఏమీ తినలేని రోజున ఈ బిళ్ల, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ లాంటివి ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి, తేరుకుని తినడం మొదలుపెట్టాక మళ్లీ వేసుకోవాలి. ఏదైనా ఆపరేషన్ ఉంటే మూడు నాలుగు రోజుల ముందే చెప్పండి. బిడ్డ కోసం ప్రయత్నిస్తుంటే ఇదీ, టెల్మిసార్టాన్ రెండూ వద్దు, ముందే మాట్లాడండి.

ప్రశ్న: మా మామగారికి ఈజీఎఫ్ఆర్ 19. డయాలసిస్ అనగానే ఇంట్లో ఏడుపులు. ఇప్పుడేమీ చేయొద్దు, తప్పనప్పుడు చూద్దాం అంటున్నారు. – ఎమ్మిగనూరు

జవాబు: తప్పనప్పుడు చూద్దాం అనుకున్నవాళ్లే అర్ధరాత్రి ఊపిరాడక ఆంబులెన్సులో వస్తారు, మెడలో గొట్టం వేసి డయాలసిస్ చేయాల్సొస్తుంది. మీకింకా సమయం ఉంది. కిడ్నీ డాక్టరును ఇప్పుడే కలవండి, 30 కంటే తగ్గినప్పుడే కలిసి ఉండాల్సింది. 19 ఉన్నవాళ్లందరికీ రేపే డయాలసిస్ అక్కర్లేదు, సాధారణంగా 10 కంటే తగ్గి, వాపు, వాంతులు, ఆయాసం లాంటివి మొదలైనప్పుడు ఆలోచిస్తారు. బీపీ, షుగర్ గట్టిగా చూసుకుంటే ఆ రోజును దూరం జరపొచ్చు. ఇంట్లో ఎవరైనా కిడ్నీ ఇవ్వగలరేమో డయాలసిస్‌కు ముందే మాట్లాడుకోండి, లేకపోతే చనిపోయినవారి అవయవాలు అవసరమైనవాళ్లకు అందించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు గురించి అడగండి. హెపటైటిస్ బి టీకాలు ఇప్పుడే వేయించండి. రేషన్ కార్డు ఉంటే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను అడిగితే కాగితాలు ఏవి కావాలో చెప్తారు.

డయాలసిస్‌కు చేతిలో ఫిస్టులా చేస్తారు, అంటే ధమనినీ సిరనూ కలిపి కుడతారు, అది బలపడి వాడకానికి రావడానికి నెలా రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. దానికి చేతి సిరలు బాగుండాలి. షుగర్‌తో అసలే నాళాలు గట్టిపడి ఉంటాయి, ఉన్న నాలుగు మంచి సిరల్నీ మనమే సూదులతో పాడుచేసుకుంటాం. మీ మామగారు కుడిచేతి వాటమైతే ఎడమచేతికి ఈరోజు నుంచి సెలైన్ వద్దు, రక్తం తీయనివ్వొద్దు. ల్యాబ్‌కు వెళ్లినప్పుడల్లా కుడి అరచేతి వెనకవైపు నుంచి తీయమని మీరే పక్కన నిలబడి చెప్పండి, వాళ్లు విసుక్కున్నా సరే.